స్క్రిప్టు లేని షోకి కథ రాసేవాళ్లు

రియాలిటీ షో తీసే ఒక ఇంట్లో 10 కెమెరాలు రోజంతా ఆగకుండా తిరిగితే ఒక్కరోజుకే 240 గంటల ఫుటేజ్ పోగవుతుంది. రోజుకు 10 గంటల చొప్పున కూర్చుని చూసే మనిషికి ఆ ఒక్కరోజు ఫుటేజ్ పూర్తి చేయడానికే 24 రోజులు పడుతుంది. గంట స్లాట్‌లో ప్రకటనలు పోగా ప్రేక్షకుడికి చేరేది సుమారు 42 నిమిషాలు. ఏది ఉండాలి, ఏది పోవాలి, ఉన్నది ఏ వరసలో రావాలి అని తేల్చే పని చేసేవాళ్లను స్టోరీ ప్రొడ్యూసర్లు అంటారు. అనుభవాన్ని బట్టి స్టోరీ అసిస్టెంట్, స్టోరీ ఎడిటర్, సూపర్‌వైజింగ్ ప్రొడ్యూసర్ అని హోదాలు మారతాయి. రచయిత అన్న పేరు మాత్రం అరుదుగా వేస్తారు.

రియాలిటీ షోల గురించి జనంలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. అంతా ముందే రాసిచ్చిన స్క్రిప్టు అనేవాళ్లు కొందరు. జరిగింది జరిగినట్టే చూపిస్తున్నారని నమ్మేవాళ్లు కొందరు. చాలా షోల్లో ఎవరి చేతికీ డైలాగుల కాగితం ఇవ్వరు. అలాగని కథ దానంతటదే పుట్టదు. సినిమాకైతే ముందు రాస్తారు, తర్వాత తీస్తారు. ఇక్కడ ముందు తీస్తారు, తర్వాత రాస్తారు. మనుషులు అప్పటికే అనేసిన మాటల్లోంచి ఏరుకుని, వరస పెట్టి, ఒకరి మాట పక్కన ఇంకొకరి ముఖం పెట్టి అర్థం పుట్టిస్తారు. ఇది ముమ్మాటికీ రచనే. ఆ మాట ఒప్పుకోకపోవడం వల్ల ఈ పని చేసేవాళ్లూ నష్టపోతున్నారు, కెమెరా ముందు నిలబడేవాళ్లూ నష్టపోతున్నారు.

ఈ చిక్కు చాలా పాతది. 1971లో అమెరికాలో ఒక కుటుంబం జీవితాన్ని ఏడు నెలలపాటు చిత్రీకరించి, దాదాపు 300 గంటల ఫిల్ములోంచి 12 భాగాలు తయారుచేశారు. 1973లో పీబీఎస్‌లో 'యాన్ అమెరికన్ ఫ్యామిలీ' పేరుతో అవి ప్రసారమయ్యాయి. చూసిన తర్వాత ఆ కుటుంబం బాధపడింది. మంచి రోజులు వదిలేసి చెడ్డ రోజులే ఎక్కువగా చూపించారన్నది వాళ్ల ఫిర్యాదు. ఇప్పుడు ప్రతి సీజన్ తర్వాతా ఎవరో ఒకరు అనే 'నన్ను ఎడిటింగ్‌లో విలన్‌ని చేశారు' అన్న మాట అప్పుడే మొదలైంది.

1992లో ఎంటీవీలో వచ్చిన 'ద రియల్ వరల్డ్' సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో మేరీ ఎలిస్ బునిమ్ డైలీ సీరియళ్లలో ఆరితేరిన మనిషి. జొనాథన్ ముర్రే వార్తలు, డాక్యుమెంటరీల వైపు నుంచి వచ్చాడు. మొదట అనుకున్నది మామూలు సీరియలే. రచయితలకూ నటులకూ అయ్యే ఖర్చు తట్టుకోలేమని తేలాక, ముక్కూముఖం తెలియని ఏడుగురిని ఒకే ఇంట్లో ఉంచి చిత్రీకరించే పద్ధతికి మళ్లారు. సీరియల్ నడక, డాక్యుమెంటరీ కెమెరా కలిసిన ఆ మూసే నేటికీ నడుస్తోంది. అంతకు ముందు 1988లో అమెరికా రచయితల సమ్మె ఐదు నెలలు సాగినప్పుడు, రచయితలు అక్కర్లేని కార్యక్రమాల మీద చానళ్ల కన్ను పడింది. పోలీసుల వెంట కెమెరా తిరిగే 'కాప్స్' 1989లో ఫాక్స్‌లో మొదలైంది. 1997లో స్వీడన్ నుంచి 'ఎక్స్‌పెడిషన్ రాబిన్సన్', 1999లో నెదర్లాండ్స్ నుంచి 'బిగ్ బ్రదర్' వచ్చాయి. స్వీడన్ షో నమూనాతో అమెరికాలో తీసిన 'సర్వైవర్' తొలి సీజన్ ఫైనల్‌ను 2000 ఆగస్టులో 5 కోట్ల మందికి పైగా చూశారు. ఆ తర్వాత వెనక్కి చూసుకోవలసిన అవసరం రాలేదు. అంటే రచయితకు ఇచ్చే డబ్బు మిగుల్చుకోవాలన్న ఆలోచన ఈ రంగం పుట్టుకలోనే ఉంది. తీరా చూస్తే రాయాల్సిన పని మిగిలే ఉంది. పేరు మారిందంతే.

పని ఎలా సాగుతుందో దగ్గర్నుంచి చూస్తే ఈ మాట బాగా అర్థమవుతుంది.

షూటింగ్ జరిగే చోట ఉండే స్టోరీ ప్రొడ్యూసర్ చెవికి ఇయర్‌పీస్ పెట్టుకుని, మైకుల్లో వచ్చే మాటలు వింటూ, టైమ్‌కోడ్‌తో, అంటే అది ఫుటేజ్‌లో ఏ క్షణంలో ఉందో చెప్పే అంకెలతో సహా నోట్స్ రాసుకుంటారు. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, ఏ మాటకు ఎవరి ముఖం మాడింది, ఏ విషయం సగంలో ఆగిపోయింది అన్నవి ఆ నోట్స్‌లో ఉంటాయి. రోజు చివర్లో దాన్నంతా ఒకటి రెండు పేజీల్లోకి కుదించి ఎడిటింగ్ వాళ్లకు పంపిస్తారు. నెలల తర్వాత ఫుటేజ్ సముద్రంలో దిగేవాళ్లకు దారి చూపేది ఆ కాగితమే. రోజువారీగా ప్రసారమయ్యే షోలైతే ఇంత తీరిక కూడా ఉండదు. కంట్రోల్ రూమ్‌లో షిఫ్టుల వారీగా కూర్చుని, ఒకవైపు జరుగుతుండగానే ఇంకోవైపు ఆ రాత్రి ఎపిసోడ్‌కు కథ కట్టాలి. ఆ టెన్షన్ వేరు.

అన్నిటికంటే కీలకమైనది ఇంటర్వ్యూ. ప్రేక్షకుడికి ఒక మనిషి ఒంటరిగా కూర్చుని కెమెరాకు మనసు విప్పుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి లెన్సు పక్కనే, ఆ మనిషి కళ్లకు ఎదురుగా, స్టోరీ ప్రొడ్యూసర్ కూర్చుని ఉంటారు. 'నిన్న ఆ గదిలో ఏం జరిగింది?' అని అడిగితే 'గొడవైంది' అని జవాబు వస్తుంది. ఆ ముక్క పనికిరాదు, ఎందుకంటే ప్రసారంలో ప్రశ్న వినిపించదు. అందుకని 'ప్రశ్నను జవాబులో కలుపుకుని చెప్పండి, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పండి' అని అడుగుతారు. రెండోసారి జవాబు ఇలా వస్తుంది: 'గదిలోకి వెళ్తున్నాను. తను నా వైపు చూడటం లేదు. ఏదో జరిగిందని నాకు అర్థమైపోతోంది.' ఇప్పుడది కథలో ఎక్కడైనా ఇమిడే ముక్క. వారం తర్వాత తీసినా ఆ క్షణంలోనే అన్నట్టు ఉంటుంది. ఎపిసోడ్లన్నింటిలో ఇంటర్వ్యూ బట్టలూ జుట్టూ ఒకేలా ఉండటానికి కారణం కూడా ఇదే. వేర్వేరు రోజుల్లో అన్న మాటలను పక్కపక్కన అతికించినా అతుకు కనిపించకూడదు.

ఇక్కడ అడిగేవాళ్ల చేతిలో ఉండే బలమైన పనిముట్టు మౌనం. జవాబు పూర్తయ్యాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా నాలుగైదు క్షణాలు ఊరుకుంటే, ఎదుటి మనిషి ఆ ఖాళీని భరించలేక ఇంకో మాట అంటారు. దాచుకున్న మాట చాలాసార్లు అప్పుడే బయటపడుతుంది. ఇది మంచి పాత్రికేయులు కూడా వాడే పద్ధతి, తప్పుపట్టాల్సింది లేదు.

తప్పు జరిగేది మాటలు అందించేచోట. 'మీకు బాధ కలిగిందా?' అని అడగడం వేరు, 'మీకు ద్రోహం జరిగిందనిపించిందా?' అని అడగడం వేరు. నిద్ర చాలక, బయటి ప్రపంచంతో సంబంధం లేక, గంటన్నర నుంచి దీపాల వేడిలో కూర్చున్న మనిషి రెండో ప్రశ్నకు 'అవును, ద్రోహం జరిగిందనిపించింది' అంటారు. ద్రోహం అన్న మాట పుట్టింది ప్రొడ్యూసర్ నోట్లో. ప్రసారమయ్యేసరికి అది ఆ మనిషి సొంత మాట. ఆ ఒక్క మాట మీద ఒక స్నేహం పోవచ్చు, రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేయవచ్చు. ఒక్క కాగితం మీద కూడా రాయని డైలాగు ఇది. రాసింది ఎవరని అడిగితే చెప్పేవాళ్లు ఉండరు.

షూటింగ్ ముగిశాక ఎడిటింగ్ దశ. ఇంటర్వ్యూల ట్రాన్స్‌క్రిప్టులు ముందు పెట్టుకుని, వాడదగ్గ మాటలకు గుర్తులు పెట్టుకుని, వాటిని వరసగా పేర్చిన పొడుగాటి కూర్పు ఒకటి తయారుచేస్తారు. దీన్ని స్ట్రింగౌట్ అంటారు. మెరుగులేవీ లేని ముడి కథ అది. ఎడిటర్ దాని మీద పనిచేసి దృశ్యాలుగా మలుస్తారు. ఈలోగా గోడ మీద కార్డులు పడతాయి, ఒక్కో సన్నివేశానికి ఒక్కో కార్డు. ప్రకటన విరామానికి ముందు ఏ ప్రశ్న మిగలాలి, విరామం తర్వాత దానికి ఎంత జవాబు ఇవ్వాలి అన్న లెక్క అక్కడే కుదురుతుంది. తర్వాత చానల్ నోట్స్ వస్తాయి. 'ఈమె మీద జాలి కలగడం లేదు', 'రెండో భాగం చప్పగా ఉంది' లాంటివి. కొత్తగా షూట్ చేసే అవకాశం ఉండదు. ఉన్న ఫుటేజ్‌లోంచే జాలి పుట్టించాలి, ఉప్పూకారం తేవాలి.

ఈ దశలో చేసే ఆలోచన నవలా రచయిత ఆలోచనకు ఏమాత్రం తక్కువ కాదు. పోటీ షోలో ఈ వారం వెళ్లిపోయే మనిషిని తీసుకుందాం. మూడు వారాలుగా తెర మీద పెద్దగా కనిపించలేదు. ఇప్పుడు ఆ నిష్క్రమణ చూసేవాళ్ల మనసుకు తగలాలంటే ఆ మనిషి ఎవరో ముందు పరిచయం కావాలి. ఇంటి సంగతులు చెప్పుకునే సన్నివేశం ఒకటి పడగానే తెలివైన ప్రేక్షకుడు 'ఈ వారం వీళ్లే అవుట్' అని పసిగట్టేస్తాడు. కాబట్టి అదే బరువున్న సన్నివేశం ఇంకో మనిషికి కూడా పెట్టాలి. లేదా మొదటి వారం ఎపిసోడ్‌కే తిరిగి వెళ్లి, ఒక చిన్న నవ్వో, ఒక సాయమో విత్తనంలా వేసి రావాలి. ముగింపు తెలిసి మొదలు రాయడం ఇది. దీన్ని అచ్చంగా కథాశిల్పమనే అనాలి.

ఈ శిల్పంలోనే ఒక ప్రమాదకరమైన పనితనం ఉంది. వేర్వేరు చోట్ల అన్న మాటలను ముక్కలు చేసి అతికించి ఒకే వాక్యంగా వినిపించడాన్ని ఈ రంగంలో ఫ్రాంకెన్‌బైట్ అంటారు. ఒక ఇంటర్వ్యూలో ఒకామె ఇలా అందనుకుందాం: 'అతన్ని చూస్తే నాకు అసహ్యమని అందరూ అనుకుంటున్నారు, అదేం లేదు, అలసిపోయానంతే. ఈ ఆట నుంచి వెళ్లిపోవాలనిపిస్తోంది.' ఎడిటింగ్ టేబుల్ మీద మొదటి మూడు మాటలు, నాలుగో మాటలో సగం తీసుకుంటారు. 'అతన్ని చూస్తే నాకు అసహ్యం.' మాట చివర 'మని' అన్న ముక్క ఎగిరిపోయింది. ఆ తర్వాత 'వెళ్లిపోవాలనిపిస్తోంది' అన్న ముక్క అతికిస్తారు. అతికినచోట ఆమె పెదవులు కనిపించకూడదు కాబట్టి, సరిగ్గా ఆ అర క్షణంలో అతని ముఖం చూపిస్తారు. అలసట గురించి చెప్పిన మనిషి అసహ్యం ప్రకటించిన మనిషైపోయింది. జాగ్రత్తగా వింటే దొరుకుతుంది. వాక్యం ముగియాల్సిన చోట గొంతు దిగదు, ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు పైనే ఆగిపోతుంది. మాట్లాడుతున్న మనిషి ముఖం మీద నుంచి కెమెరా అకారణంగా పక్కకు వెళ్లిందంటే అక్కడ కత్తెర పడి ఉండవచ్చు.

అతుకులన్నీ మోసం కావు. ముప్పావు గంట తడబడుతూ చెప్పిన విషయాన్ని పది క్షణాల్లో స్పష్టంగా వినిపించడానికి చేసే అతుకు ఆ మనిషికి మేలే చేస్తుంది. తేడా ఒక్కటే: ఆ మనిషి దాన్ని విని 'నేను చెప్పదలుచుకున్నది ఇదే' అనగలరా? ఈ పరీక్ష పెట్టుకుని పనిచేసే స్టోరీ ప్రొడ్యూసర్లు ఉన్నారు. వాళ్లను నిలబెట్టే నియమం మాత్రం దాదాపు ఎక్కడా లేదు.

ఆట విషయానికి వస్తే నియమం ఉంది, అదే ఆశ్చర్యం. 1950లలో అమెరికా క్విజ్ షోలలో జవాబులు ముందే అందించిన కుంభకోణం బయటపడ్డాక, పోటీల ఫలితాన్ని ముందే కుదుర్చుకోవడం నేరమని 1960లో చట్టం చేశారు. అందుకే నేటికీ పోటీ షోలలో టాస్కులు, ఓట్లు, స్కోర్ల దగ్గర చానళ్లు చాలా జాగ్రత్తగా ఉంటాయి. ఎవరు గెలిచారన్నది మార్చకూడదు. గెలిచిన మనిషి ఎలాంటివారన్నది మాత్రం ఎలా కావాలంటే అలా మలచవచ్చు. పాల్గొనేవాళ్లు సంతకం పెట్టే ఒప్పందాల్లోనే, తమను ఏ రకంగా చిత్రించినా అభ్యంతరం చెప్పబోమన్న షరతు ఉండటం మామూలు. స్కోరుబోర్డుకు ఉన్న రక్షణ మనిషి పరువుకు లేకపోవడం అన్యాయం.

ఇక పనిచేసేవాళ్ల పరిస్థితి. వీళ్లలో ఎక్కువమంది ఫ్రీలాన్సర్లు. కొన్ని వారాలకు కాంట్రాక్టు, ఆ షో అయిపోగానే ఇంకో పని వెతుక్కోవడం. అమెరికాలో సీరియల్ రచయితకు యూనియన్ ఒప్పందం ద్వారా దక్కే పునఃప్రసార పారితోషికం, ఆరోగ్య బీమా, పెన్షన్ లాంటివి స్టోరీ ప్రొడ్యూసర్లలో చాలామందికి అందవు. రచయిత అన్న పేరు ఎందుకు ఇవ్వరో ఇక్కడ తెలుస్తుంది. ఆ పేరు వేస్తే ఆ హక్కులూ ఇవ్వాల్సి వస్తుంది.

దీని మీద పోరాటం జరగలేదని కాదు. 2005లో అక్కడి రచయితల యూనియన్ రైటర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా వెస్ట్ రియాలిటీ షోలలో కథ పనిచేసేవాళ్లను సంఘటితం చేయడానికి పూనుకుంది. ఓవర్‌టైమ్ ఇవ్వకుండా పనిచేయించుకున్నారంటూ అదే ఏడాది కోర్టుల్లో దావాలు పడ్డాయి. 2006 వేసవిలో 'అమెరికాస్ నెక్స్ట్ టాప్ మోడల్' షోలో ఆ పనిచేసే 12 మంది, తమకు గిల్డ్ ప్రాతినిధ్యం కావాలని సమ్మెకు దిగారు. వాళ్లు లేకుండానే షో కొనసాగింది, వాళ్ల ఉద్యోగాలు పోయాయి. 2007 నవంబరులో మొదలైన రచయితల పెద్ద సమ్మెలో రియాలిటీ షోలను గిల్డ్ పరిధిలోకి తేవాలన్న డిమాండు కూడా ఉంది. 2008 జనవరిలో, చర్చలు ముందుకు సాగడం కోసం, గిల్డ్ ఆ డిమాండును వదులుకుంది. మిగతా రచయితల సమస్య తీరడానికి వీళ్ల సమస్యను పక్కన పెట్టారన్నమాట. ఆ తర్వాత న్యూయార్క్‌లో రైటర్స్ గిల్డ్ ఈస్ట్ కొన్ని నాన్‌ఫిక్షన్ నిర్మాణ సంస్థలతో ఒప్పందాలు కుదుర్చుకోగలిగింది. అది ఒక అడుగు, అంతకు మించి చెప్పుకోవడానికి లేదు.

ఉద్యోగ భద్రత లేకపోవడానికీ తెర మీద జరిగే అన్యాయానికీ సూటి సంబంధం ఉంది. ఆరు వారాల కాంట్రాక్టు మీద, తర్వాతి పని ఇదే కంపెనీ ఇస్తుందన్న ఆశతో ఉన్న మనిషి, 'ఈ అతుకు ఆమె మాటను తలకిందులు చేస్తోంది, వద్దు' అని గట్టిగా చెప్పగలగాలంటే చాలా ధైర్యం కావాలి. వార్తా సంస్థలో ఒక సబ్ ఎడిటర్ వెనుక కనీసం ఒక వృత్తి నియమావళి ఉంటుంది. ఇక్కడ వెనుక ఏమీ లేదు.

పాల్గొనేవాళ్ల వైపు నుంచి కొన్ని దేశాల్లో కదలిక వచ్చింది. ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం 2009 జూన్‌లో 'టెంప్టేషన్ ఐలాండ్' ఫ్రెంచ్ షోలో పాల్గొన్నవాళ్లు కార్మిక చట్టం కింద ఉద్యోగులేనని తేల్చింది. వాళ్లు అక్కడ చేసింది సరదా కాదు, ఆదేశాల ప్రకారం చేసిన పని అన్నది అందులోని తర్కం. బ్రిటన్‌లో 2019 మేలో 'ద జెరెమీ కైల్ షో'లో పాల్గొన్న ఒక వ్యక్తి రికార్డింగ్ జరిగిన కొద్ది రోజులకే చనిపోవడంతో ఐటీవీ ఆ షోను ఆపేసింది, పార్లమెంటు కమిటీ విచారణ చేపట్టింది. 2021 ఏప్రిల్ నుంచి, పాల్గొనడం వల్ల హాని కలిగే ప్రమాదం ఉన్నవాళ్ల క్షేమం చూసుకోవాలని అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమాలు చెబుతున్నాయి. జపాన్‌లో 'టెరస్ హౌస్'లో పాల్గొన్న ఒక యువ రెజ్లర్ ఆన్‌లైన్‌లో దూషణలు ఎదుర్కొని 2020 మేలో ప్రాణాలు కోల్పోయింది. అక్కడి ప్రసార నైతికతను చూసే సంస్థ 2021లో ఆ కార్యక్రమం తీరును తప్పుబట్టింది. వీటి ఫలితంగా సెట్‌లో మానసిక నిపుణులు, షో తర్వాత కౌన్సెలింగ్ లాంటివి చాలాచోట్ల వచ్చాయి. మంచిదే. కానీ మనిషి పాత్ర తయారయ్యేది ఎడిటింగ్ గదిలో. ఆ గదిలోకి ఈ నియమాలు ఇంకా సరిగా అడుగు పెట్టలేదు.

ఈ పనిలోకి రావడానికి ఒకప్పుడు ఉన్న దారి కూడా ఇప్పుడు ఇరుకవుతోంది. ఫుటేజ్‌లో ఎక్కడ ఏముందో రాసిపెట్టే లాగర్‌గానో, ట్రాన్స్‌క్రిప్టులు రాసేవారిగానో చేరి, వందల గంటల ఫుటేజ్ కళ్లారా చూసి, మనిషి మాటకూ ముఖానికీ మధ్య తేడా పట్టుకోవడం నేర్చుకుని పైకి వచ్చేవాళ్లు. ఇప్పుడు మాటలను సాఫ్ట్‌వేర్ అక్షరాల్లోకి దించేస్తోంది. 'ద్రోహం' అని టైపు చేస్తే ఆ మాట వచ్చిన ప్రతి చోటూ తెర మీదికి వస్తుంది. పని తొందరగా అవుతుంది, నిజమే. అయితే ఆ మాటకు ముందు ఎంతసేపు మౌనం ఉంది, అంటున్నప్పుడు నవ్వారా, అడిగినవాళ్లు అందించిన మాటా సొంత మాటా అన్నవి వెతికితే దొరకవు. అందుకోసం ఎవరో ఒకరు కూర్చుని ఆసాంతం చూడాల్సిందే. న్యాయంగా కథ కట్టాలన్న స్టోరీ ప్రొడ్యూసర్లు ఇప్పటికీ ట్రాన్స్‌క్రిప్టులో గుర్తు పెట్టే ముందు ఆ ముక్కకు ముందూ వెనుకా ఉన్న రెండు మూడు నిమిషాలు చూసి తీరతారు. ఆ రెండు మూడు నిమిషాలకు బడ్జెట్‌లో చోటు అడగడం దగ్గరే చాలా గొడవలు మొదలవుతాయి.

ఎపిసోడ్ ప్రసారమయ్యే రాత్రి, తన మాటలు ఇంకోలా వినిపించినందుకు పాల్గొన్న మనిషి ఫోన్ చేసి అడుగుదామన్నా చాలాసార్లు ఆ కథ కట్టినవాళ్లు ఆ కంపెనీలో ఉండరు. కాంట్రాక్టు ముగిసి, ఇంకెక్కడో ఇంకో షో స్ట్రింగౌట్ ముందు కూర్చుని ఉంటారు.